తోడికోడలి పొట్టావు

మా తోడికోడలి ఇంటి పంచలో ఒక ఫోటో ఉండాది. అందులో ఆమె, ఆమె మొగుడు, ఇద్దరి మధ్యన పొట్టావు. ఆవు మెడలో బంతిపూల దండ, ఆమె భుజం మీద జరీ అంచు శాలువా. మా వాకిండ్లు పక్కపక్కనే కాబట్టి ఆ ఫోటోను దాటకుండా నేను నా ఇంట్లోకి పోలేను. పొద్దున కసువు చిమ్మేటప్పుడు తల వంచుకుని చిమ్ముతా. అయినా కనపడతానే ఉంటాది.

ఇదంతా నేను చెప్తాంటే మా పాప రాస్తాండాది. నాకు సంతకం పెట్టే వరకే చదువు. పాప కుప్పంలో కాపురం ఉండాది. నేను వచ్చి నెల దాటింది. యాల వచ్చినానో, ఎందుకు ఉండిపోయినానో చెప్పమని రోజూ అడుగుతాంటే, ఊరికే చెప్పను, రాసుకుంటానంటే చెప్తా అన్నా. ఉన్నది ఉన్నట్టు రాయల్ల, నన్ను మంచిదాన్ని చేయొద్దని ముందే మాట తీసుకున్నా.

మా ఊరు మదనపల్లెకూ పుంగనూరుకూ నడాన, బస్సు దిగి రోంత దూరం నడిస్తే వస్తాది. మా మామ పోయినాక అన్నదమ్ములు వేరుపడి, ఇంటికి అడ్డంగా గోడ పెట్టుకున్నారు. కొట్టం మాత్రం ఒకటే, మధ్యలో నడుమెత్తు రాళ్ళు పేర్చినారు. పంచుకోవాల్సిన పశువులు రెండు. ఒకటి సీమావు, పాలు బిందెకు పిండేది. ఇంకోటి పుంగనూరు జాతి పొట్టావు, మా మామ ముచ్చటపడి పెట్టుకున్నది. గొంతుకూచుని ఎంత పిండినా చెంబు నిండదు. పెద్దోడు ముందు కోరుకోవాలనేది మా ఇండ్లల్లో వాడుక. మా ఆయన నా మొగం చూసినాడు. సీమావు అన్నా నేను. పొట్టావు పలుపు విప్పి నా చేత్తోనే తోడికోడలికి ఇచ్చినా.

"తీసుకోమ్మే, మేకల మందలో తోలినా ఎవురూ కనుక్కోరు" అని నవ్వినా.

ఆమె కూడా నవ్వింది. అప్పటికి కొత్త కోడలు, ఎవురేమన్నా నవ్వేది.

ఆ కాలంలో పశువులకు దినాలు లేవు. ఇప్పుడు అన్నిటికీ వచ్చినాయి. పిచ్చుకలకు ఒక దినం, ఏనుగులకు ఒక దినం, పాత కోటలకు ఒక దినం, అమ్మ మాట్లాడే భాషకు ఒక దినం. మొగుడు పోయినోళ్ళకు కూడా ఏడాదికొక దినం ఉండాదంట, మా పాప ఫోనులో చూసి చెప్పింది. మా ఆయన పోయి ఐదేండ్లయింది, ఆ దినం ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. నాకు దండ వేసినోళ్ళు లేరు. మా తోడికోడలి ఆవుకు మాత్రం వేసినారు.

ఆవుల దినం పుంగనూరులో పెట్టినారు. షామియానా, మైకు, ముందర చెక్కభజనోళ్ళు. మన కళలు, మన పశువులు అని గుడ్డ కట్టినారంట, నాకు బొమ్మలే అర్థమయినాయి. బడి పిల్లోళ్ళు అట్ట ముక్కలు పట్టుకుని కేకలేస్తా తిరిగినారు. పశువుల డాక్టరమ్మ టేపు తీసుకుని ఒక్కొక్క ఆవుకూ మూపురం కాడ పెట్టి కొలిచింది. తోక నేలకు తగలాల, నొసలు వెడల్పుగా ఉండాల, ఎత్తు తక్కువుండాల. మా తోడికోడలి ఆవే అన్నిటికన్నా పొట్టిదని మైకులో చెప్పినారు. ఒకప్పుడు మేక అని నేను ఎగతాళి చేసిన ఎత్తే అది.

"ముత్తైదువులు ముందరికి రాండమ్మా, గోమాతకు కుంకం పెట్టాల" అన్నారు మైకులో.

నా పక్కన నిలబడిన ఆడోళ్ళందరూ ముందరికి పోయినారు. నేను రెండడుగులు వెనక్కి వేసినా. నన్ను ఎవురూ పొమ్మనలేదు, వాళ్ళు అనకముందే నేనే జరిగినా. ఎండలో ఒక్కదాన్నే మిగిలినా. అంతలో టీవీ ఆయన మా తోడికోడలి మూతి కాడ మైకు పెట్టి, ఈ ఆవు మీకు యాడ దొరికిందమ్మా అని అడిగినాడు.

"మా అక్క ఇచ్చింది సార్. అదో, ఆడ ఉండాది సూడండి, ఆమె చేత్తో ఇచ్చిన ఆవు."

జనమంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టినారు. నేనా ఇచ్చింది? ఎందుకూ పనికిరాదని తోసేసినా. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె ఎత్తిపొడుస్తా అనిందేమోనని మొగంలోకి చూసినా. అట్లాంటిదేమీ లేదు. మనసారా అనింది. తిట్టింటే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. ఆ దినం ఆవుతో పాటు లారీలో ఎక్కు అక్కా అని పిలిస్తే ఎక్కకుండా బస్సులో వచ్చినా.

మా సీమావు అప్పటికే ముసలిదయింది. దాన్ని అమ్మి, కుప్పం పక్క పల్లెలో ఉండే మా అన్నతో చెప్పి, సూడితో ఉండే పొట్టావును తెప్పించుకున్నా. తెల్లగా, ముద్దుగా ఉండె. దండకు సరిపోయే మెడ. కానీ తోడికోడలి ఆవు పక్కన నిలబెడితే నాదే జానెడు పొడుగు. అది చూసి రెండు దినాలు అన్నం సయించలేదు. ఆవును ఎట్లా పొట్టి చేసేది? పుట్టే దూడ మీద ఆశ పెట్టుకున్నా.

ఆవు ఈనింది. ఆడదూడ. ఆ నెలలోనే తోడికోడలి ఆవు కూడా ఈనింది. సూదులు వేయను వచ్చిన డాక్టరమ్మ, ఈసారి ఆవుల దినం మదనపల్లెలో పెడతారమ్మా, దూడలకు వేరే బహుమానం ఉండాది అని చెప్పి పోయింది. ఆ మాట నా చెవిలో గూడు కట్టుకుంది.

నేను మదనపల్లె మండీలో టమోటాలు ఏరే పనికి పోతా. అక్కడ ఒకామె కాయలు ఏరతా ఏరతా చెప్పింది, సిటీలో ఇంట్లో పెట్టుకునేకి పొట్టివి కావాలనేవాళ్ళ కోసం కొందరు దూడకు పాలు తగ్గిస్తారంట, తగ్గిస్తే ఎదగదంట అని. నిజమో అబద్ధమో ఆమెకూ తెలీదు. నేను మళ్ళీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలిసిన మాటలు కొన్ని ఉంటాయి, వాటిని అడగము.

దూడ మూతికి చిక్కం కట్టినా. అంటే తాడుతో అల్లిన చిన్న బుట్ట, మన్ను తినకుండా దూడలకు కడతారు. నేను కట్టింది పాలు తాగకుండా. ఆవు చేపేదానికి, అంటే పొదుగులోకి పాలు దిగేదానికి, ఒక్క నిమిషం విప్పేది, రెండు గుటకలు పడగానే లాగి కట్టేసేది. మిగతా పాలన్నీ నేనే పిండుకునేదాన్ని. తోడు పెట్టి, చిలికి, వెన్న కాచి నెయ్యి చేసి కుప్పానికి పంపిస్తా ఉంటి.

ఈ మాట కాడ మా పాప పెన్ను ఆపింది.

"ఆ నెయ్యేనామ్మా? పిల్లోనికి అన్నంలో కలిపి పెట్టిన నెయ్యి?"

"ఆ నెయ్యే. రాయి" అన్నా.

ఆమె లేచి లోపలికి పోయింది. మళ్ళీ వచ్చి కూచునేదానికి చాలాసేపు పట్టింది.

నాకు టేపు చూసేది రాదు. కొట్టం గుంజకు దూడను ఆనించి నిలబెట్టి, మూపు కాడ బొగ్గుతో గీత పెట్టేదాన్ని. ఆదివారానికి ఒక గీత. మూడు వారాలు గీత మీద గీతే పడింది. నా సంతోషం చూడల్ల! దూడ అరుస్తాంటే చెవుల్లో కొంగు కుక్కుకుని, అరుచుకో తల్లీ, దండ పడినాక తెలుస్తాది అనుకుంటి. తోడికోడలు రాళ్ళ మీదుగా తొంగిచూసి, "అక్కా, దూడ నీరసపడిపోయింది, పక్కటెముకలు తేలినాయి, పాలు చాల్తాండాయా?" అని అడిగింది.

"మేలుజాతి అంటే అట్లే ఉంటాదిమ్మే. నీ దూడ మాదిరి పొట్ట వేసుకుని ఉండాల్నా?"

ఆమె ఇంకోసారి దూడను చూసి పోయింది.

నాలుగో వారం గీత వేలెడు పైకి పోయింది. ఐదో వారం ఇంకో వేలెడు. పాలు నేను పెట్టలేదు, మరి యాడినుంచి ఎదుగుతాండాది? చిక్కం కట్టినట్టే ఉండాది. కానీ ముడి నాది కాదు. నేను ఎడమ చేతి వాటం, నా ముడి వేరే మాదిరి ఉంటాది. దూడ వీపు నిమిరితే చేతికి గరగరా తగిలింది. తవుడు. నాలుక మీద పెట్టుకుని చూస్తే ఉప్పు.

పశువులు మేపేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఒక ఆవు ఇంకో ఆవు దూడను కిందికి రానీదు, తంతాది. దూడ వీపుకు ఉప్పూ తవుడూ పూస్తే ఆ రుచికి నాకతా నిలబడతాది. ఆ సందులో దూడ తాగేస్తాది.

ఒకరోజు మండీకి లారీలు రాలేదు, పని లేదు పొమ్మన్నారు. మధ్యాన్నానికే ఇల్లు చేరినా. కొట్టంలోకి పోయి చూస్తే నా గుంజ కాడ దూడ లేదు. రాళ్ళకు ఆ పక్క తోడికోడలి పొట్టావు కింద ఉండాది. ఒకపక్క ఆమె దూడ, ఇంకోపక్క నాది. నాది మోకాళ్ళ మీద కూచుని కండ్లు మూసుకుని తాగతాండాది. మా తోడికోడలు దాని వీపు మీద చేయి వేసి, తాగమ్మా తాగు అంటాండాది. పక్కన నా చిక్కం మేకుకు తగిలించి ఉండాది.

ఇప్పుడు ఎవురన్నా వింటే, అప్పుడు నాకు సిగ్గు పుట్టింటాది అనుకుంటారు. లేదు. నాకు తోచింది ఒకటే. నా దూడను పొడుగు చేస్తాండాది. తన ఆవుకు పోటీ రాకూడదని, నేను లేని వేళ చూసి, పాలు పోసి పోసి నా దూడను పెంచుతాండాది.

జుట్టు పట్టుకోలేదు గానీ రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చినా.

"రాండి, అందరూ రాండి! ఈ మహాతల్లి చేసే పని సూడండి! నా దూడ పొట్టిగా ఉంటే ఈమెకు కండ్లమంట! దొంగతనంగా పాలు తాపి ఎదిగేట్టు చేస్తాండాది!"

జనం చేరినారు. నేను ఇంకా గట్టిగా అరిచినా.

"నెలన్నర నోరు కట్టి పెట్టుకుంటిని! గీత జరగకుండా కాపాడుకుంటిని! అంతా నాశనం చేసింది!"

ఎదురింటి అవ్వ చేతికర్ర ఊనుకుని దగ్గరికి వచ్చింది.

"ఏమే, దూడకు నోరు కట్టింటివా? పాలు తాగే దూడకు?"

అప్పుడు గానీ నా నోట్లోనుంచి ఏం వచ్చిందో నాకు తెలీలేదు. తోడికోడలు రెక్క రుద్దుకుంటా మెల్లగా అనింది, "ఎత్తు సంగతి నాకు తెలీదక్కా. సచ్చిపోతాదని భయపడి తాపినా. నీతో చెప్తే నువ్వు పడనీవు." అంతే అని లోపలికి పోయింది. జనం కూడా పోయినారు. ఒకాయప్ప పోతా పోతా, "పాలు తాపినోళ్ళను దొంగ అనేది ఈ ఊర్లోనే చూసినాము లేప్పా" అన్నాడు. ఇంకోడు నవ్వినాడు.

నేను దూడను కొట్టంలో పెట్టలేదు. ఇంటి ముందర పక్క వరండాలో కట్టేసుకుని, మండీ పని మానుకుని కాపలా కూచున్నా. ఆ ఆవుల దినం ఒక్కటి గడిస్తే, దండ పడితే, ఊరి నోర్లన్నీ మూస్తా అని పంతం. చిక్కం రోంత వదులు చేసినా, మరీ ఏమీ పెట్టకుండా లేను. కానీ దూడకు బేదులు పట్టుకున్నాయి. నిలబెడితే కాళ్ళు వణికేవి. పెట్టిన రెండు గుటకలు కూడా తాగకుండా తోడికోడలి వాకిలి పక్కకే మొగం తిప్పుకునేది, ఆమె గొంతు వినపడితే చెవులు లేపేది. నా దూడ, నా ఆవుకు పుట్టింది, నా ఇంట్లో పడుకుని ఆమె కోసం చెవులు లేపేది. నా కడుపు మండిందంటే మండదా?

మదనపల్లెలో ఆవుల దినం వచ్చింది. సామాన్ల ఆటో మాట్లాడి, గోనెసంచులు పరిచి, దూడను ఒళ్ళో పెట్టుకుని పోయినా. కాలేజీ గ్రౌండు నిండా ఆవులు. కొమ్ములకు రంగులు, కాళ్ళకు గజ్జెలు. దూడల వరసలో నిలబడినా. నా పక్కనే మా తోడికోడలు, పొట్టావుతో, తన దూడతో. మేము మాట్లాడుకోలేదు. డాక్టరమ్మ వరసగా చూసుకుంటా వస్తాండాది. చేతిలో టేపు లేదు.

"టేపు యాడమ్మా?" అని అడిగినా.

"పెద్ద ఆవులకే ఎత్తు కొలిచేది. దూడలకు ఒళ్ళు చూస్తాము. నిగనిగ, ఎదుగుదల, హుషారు. పాలు బాగా తాగిన దూడకే బహుమానం" అని చెప్తా చెప్తా నా దూడ ముందర ఆగింది. కండ్లరెప్ప ఎత్తి చూసింది. తోలు పట్టి లాగింది, లాగిన తోలు లాగినట్టే నిలబడిపోయింది. మూతి చుట్టూ తాడు ఒరిసిన గుర్తు మీద వేలు పెట్టింది.

"ఏంటమ్మా ఇది? దీనికి పాలు పెడతాండావా లేదా?"

గ్రౌండంతా నా వైపే చూస్తాండాదని అనిపించింది. ఎవురు చెప్పినా ఒక్క మాటలో నా బతుకు అయిపోతాది. చెప్పగలిగే మనిషి పక్కనే ఉండాది.

"తల్లికి పాలు లేవమ్మా" అనింది మా తోడికోడలు. "మా అక్క తవుడు నీళ్ళు తాపి తాపి ఇంతవరకు బతికించుకునింది."

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మినట్టు లేదు. "ఎవురు ఏం చేసినా, ఇంకో వారం ఇట్లే ఉంటే ఇది దక్కదు. పాలిచ్చే ఆవు కిందికి వదలండి, ఈ పొద్దే" అని మందు చీటీ రాసిచ్చి ముందుకు పోయింది.

నన్ను కాపాడింది. నా పరువు నిలబెట్టింది. ఆ గడియలో నేను ఆమెకు దండం పెట్టుకునింటే మనిషిని. నాకు ఏమనిపించిందో చెప్పమంటారా? దీంట్లో కూడా నువ్వే గెలిచినావు గదే అనిపించింది. ఆవు నీదే, దండ నీదే, మొగుడు నీకు ఉండాడు, ఆఖరుకు మంచితనం కూడా నువ్వే తీసుకుంటే నాకేం మిగిలిందే? నోట్లోనే అన్నా. ఆమెకు వినపడలేదు.

మధ్యాన్నం బహుమానాలు పిలిచినారు. ఆమె పేరు మైకులో మూడుసార్లు పిలిచినారు. ఆమె పోలేదు. మొగుడు పోయి తెచ్చుకున్నాడు. ఆమె యాడుందా అని వెతికితే షామియానా వెనక, గడ్డి పెట్టిన చోట ఉండాది. యాడనో దోసెడు తవుడు అడిగి తెచ్చింది, ఉప్పు కలిపి నా దూడ వీపుకు పూస్తాండాది. గజ్జెలు, రంగులు వేసుకున్న పొట్టావు దాన్ని నాకతాండాది. దూడ వణుకుతానే పొదుగు దొరకబట్టుకుంది. నాలుగు గుటకలు పడినాక తోక ఆడించింది. ఇన్ని నెలల్లో నా కాడ అది తోక ఆడించింది నేను చూడలేదు.

నేను పోయి పలుపు ఆమె చేతిలో పెట్టినా.

"పాలు మానేదాకా నీ కాడనే పెట్టుకో."

"యాడ ఉన్నా నీ దూడే గదక్కా."

"ఆ మాట దూడకు చెప్పుమ్మే" అన్నా.

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. నా ఆవును కూడా ఆమే చూసుకుంటానంది, సరేలే అన్నా. ఇంటికి పోతే రాళ్ళ మీదుగా రోజూ అది చూడాల. నాతో కాదు. రెండు చీరలు సంచిలో పెట్టుకుని కుప్పం బస్సెక్కినా.

ఇంతే, నేను వచ్చింది ఇందుకే. మా పాప ఇప్పుడు నన్ను తిట్టడం లేదు, పలకరించడమూ లేదు. రాయమంటే మాత్రం రాస్తాండాది.

రోజూ పొద్దున తోడికోడలికి ఫోను చేస్తా. దూడ బతికిందా అనే అడిగేది మొదట్లో, ఇప్పుడు మేత మేసిందా అంటాండా. బేదులు కట్టినాయంట. నున్నగా వెంట్రుక వచ్చిందంట. నిన్న, నేను దాన్ని పిలుస్తా, ఫోను దాని చెవి కాడ పెట్టు అన్నా. పెట్టింది. నేను ఎప్పుడూ పిలవని మాదిరి, ముద్దుగా, నా తల్లీ, నా బంగారూ అని గొంతు పోయేలా పిలిచినా.

"చెవులు లేపిందక్కా!" అనింది తోడికోడలు సంతోషంగా.

"లేపిందా? నా గొంతు కనుక్కునిందా?"

"లేపి, ఎవురా అని నా మొగం చూస్తాండాది."

ఆ రెండో మాట నాకు యాల చెప్పాల ఆమె? చెవులు లేపింది అన్నకాడ ఆపింటే చాలదా?

రేపు మళ్ళీ ఫోను చేస్తా.